పాఠకుల ప్రశ్నలు: సరిహద్దు అవతలి వాళ్లతో మనకేం పని?

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల మీద వేర్వేరు దేశాల సంఘాలు కలిసి చేసిన పోరాటాల గురించి ఈ శీర్షికలో ఇంతకు ముందు రాశాను. దానికి చాలా ఉత్తరాలొచ్చాయి. కొన్నింటిలో మెచ్చుకోలు ఉంది, కొన్నింటిలో కోపం ఉంది. నిలదీసి అడిగినవాటికే ఈసారి జవాబులిస్తున్నాను.

"వ్యాపారం గురించి మాట్లాడుకునేది ప్రభుత్వాలు. వాటిని ఎన్నుకున్నది మనమే. మధ్యలో ఈ సంఘాలు ఎందుకు? అందులోనూ పరాయి దేశం వాళ్లతో కలిసి గొడవ చేయడమేమిటి? ఇది జోక్యం కాదా?" – ఒక రిటైర్డ్ ఉద్యోగి

సరుకుల మీద సుంకం ఎంత తగ్గించాలన్నంతవరకే అయితే మీతో నాకు పేచీ లేదు, సార్. కానీ ఈ ఒప్పందాలు రేవు దగ్గర ఆగవు. ఊళ్లోకి వస్తాయి.

మెక్సికోలోని సాన్ లూయిస్ పొటోసి రాష్ట్రంలో గ్వాదల్‌కాసర్ అని ఒక మునిసిపాలిటీ ఉంది. అక్కడ అంతకు ముందే వేల టన్నుల ప్రమాదకర వ్యర్థాలు తెచ్చి పడేశారు. మెటల్‌క్లాడ్ అనే అమెరికా కంపెనీ 1993లో ఆ స్థలం కొని, అక్కడ వ్యర్థాల డంప్ నడుపుతానంది. కేంద్ర ప్రభుత్వం అనుమతులిచ్చింది. ఊరివాళ్లు వద్దన్నారు, మునిసిపాలిటీ నిర్మాణ పర్మిట్ ఇవ్వలేదు. తర్వాత రాష్ట్ర గవర్నర్ ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. అప్పటికి అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా అమల్లో ఉంది. 1994 జనవరి 1న మొదలైన ఒప్పందం అది. దాని పదకొండో అధ్యాయం ప్రకారం, విదేశీ పెట్టుబడిదారు తనకు అన్యాయం జరిగిందనుకుంటే ఆ దేశపు కోర్టుకు వెళ్లనక్కర్లేదు. నేరుగా అంతర్జాతీయ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. కంపెనీ అదే చేసింది. 2000లో మెక్సికో ప్రభుత్వం కోటీ 66 లక్షల డాలర్లకు పైగా కట్టాలని తీర్పొచ్చింది. తర్వాత కెనడా కోర్టు ఆ తీర్పులో కొంత భాగం కొట్టేసింది గానీ పరిహారం చాలావరకు నిలిచింది.

ఆ కేసు మొత్తంలో గ్వాదల్‌కాసర్ వాళ్లకు కుర్చీ లేదు. ఒక పక్క కంపెనీ, ఇంకో పక్క మెక్సికో ప్రభుత్వం, అంతే. దుర్వాసన పీల్చింది వాళ్లు, పర్మిట్ ఆపింది వాళ్లు, కానీ వాదించే హక్కు వాళ్లకు లేదు. మీరు ఎన్నుకున్న మునిసిపాలిటీ నిర్ణయం మీద విచారణ ఇంకో దేశంలో జరుగుతుంటే, మీకు ఆ దేశంలో మనిషి కావాలా వద్దా? మెథనెక్స్ అనే కెనడా కంపెనీ అమెరికా మీద వేసిన కేసు ఇక్కడే గుర్తుకొస్తుంది. కాలిఫోర్నియా పెట్రోల్‌లో కలిపే ఒక రసాయనం నీళ్లలోకి దిగుతోందని రాష్ట్రం దాన్ని నిషేధించింది. దాని మీద కేసు. కెనడా నుంచి ఒక పరిశోధన సంస్థ, అమెరికా నుంచి పర్యావరణ సంఘాలు, మా వాదన కూడా వినండని అడిగాయి. మూడో పక్షం రాతపూర్వకంగా చెప్పేది తీసుకునే అధికారం తమకుందని 2001లో ట్రైబ్యునల్ ఒప్పుకుంది. 2005లో కంపెనీ కేసు ఓడిపోయింది. ఆ తలుపు ఎవరూ మర్యాదగా తెరవలేదు, సార్. సరిహద్దుకు రెండు వైపుల నుంచీ తట్టారు కాబట్టి తెరుచుకుంది. దాన్ని జోక్యం అనడం నాకు న్యాయం అనిపించదు.

"పని వేరే దేశానికి తరలిస్తామని మా మేనేజ్‌మెంట్ ప్రతి వేతన చర్చలోనూ బెదిరిస్తుంది. అక్కడివాళ్లు తక్కువ జీతానికి ఒప్పుకుంటున్నారు కాబట్టే కదా? మా పొట్ట కొట్టేవాళ్లతో చేతులు కలపమంటే ఎలా?" – ఒక ఫ్యాక్టరీ కార్మికుడు

తమ్ముడూ, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నీదే. కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

1990ల మొదట్లో అమెరికా యూనియన్లలోనూ ఇదే మాట వినిపించింది. మెక్సికో వాళ్లు మన ఉద్యోగాలు ఎత్తుకుపోతున్నారని సభల్లో అన్నారు. ఆ మాట విన్న మెక్సికో కార్మికుడు నీతో కలిసి ఎందుకు నిలబడతాడు? అమెరికాలోని యునైటెడ్ ఎలక్ట్రికల్ అనే యూనియన్‌కు ఈ సంగతి తొందరగా అర్థమైంది. మెక్సికోలో ప్రభుత్వ అనుకూల సంఘాలకు దూరంగా ఉండే ఫ్రెంటే ఆటెంటికో దెల్ ట్రబాహో అనే కార్మిక సంస్థతో 1992లో పొత్తు పెట్టుకుంది. అక్కడివాళ్ల ద్వారా తెలిసిందేమిటంటే, తక్కువ జీతానికి కార్మికుడు ఒప్పుకోవడం కాదు, అసలు అతన్ని అడిగినవాళ్లే లేరు. చాలా ఫ్యాక్టరీల్లో, కొన్నిచోట్ల మొదటి కార్మికుడు గేటు లోపలికి రాకముందే, యాజమాన్యం తనకు నచ్చిన సంఘంతో వేతన ఒప్పందం సంతకం చేయించేసుకునేది. అక్కడ దాన్ని రక్షణ ఒప్పందం అంటారు. రక్షణ యాజమాన్యానికి. తన పేరు మీద ఒక యూనియన్ ఉందన్న సంగతే తెలియకుండా ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లున్నారు.

ఇక నాఫ్టా సంగతి. విమర్శలు పెరిగాక, ఒప్పందానికి తోకగా కార్మిక హక్కుల ఒప్పందం ఒకటి చేర్చారు. అందులో ఒక నియమం ఉంది. ఒక దేశంలో కార్మిక చట్టం అమలు కావడం లేదని ఫిర్యాదు చేయాలంటే, ఆ దేశంలో కాదు, మిగతా రెండు దేశాల్లో ఒకదాని ఆఫీసులో చేయాలి. మెక్సికోలో అన్యాయం జరిగితే అర్జీ వాషింగ్టన్‌లో పెట్టాలి. అమెరికాలో జరిగితే మెక్సికోలో పెట్టాలి. అవతల మనిషి లేకుండా కాగితం కదలదు. అంతకు ముందు ఒకరి ముఖం ఒకరు చూడని యూనియన్లు ఈ నియమం వల్ల ఒకే టేబుల్ దగ్గర కూర్చుని అర్జీలు రాయాల్సి వచ్చింది.

మొదటి అర్జీలు 1994లోనే పడ్డాయి. చిహువావా, హువారెజ్ ఫ్యాక్టరీల్లో సంఘం పెట్టబోయినవాళ్లను తీసేశారని అమెరికా యూనియన్లు ఫిర్యాదు చేశాయి. ఫలితం రాలేదు. మెక్సికో తన చట్టం అమలు చేయలేదని తేల్చలేమని ఆఫీసు చెప్పింది. మరుసటి ఏడాది అర్జీ అటునుంచి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్పానిష్ మాట్లాడే కస్టమర్లకు ఫోన్ సేవలు అమ్మే ఆఫీసును, యూనియన్ ఎన్నికకు వారం ముందు కంపెనీ మూసేసింది. 200 మందికి పైగా రోడ్డున పడ్డారు. వాళ్ల తరఫున మెక్సికోలో ఫిర్యాదు చేసింది మెక్సికో టెలిఫోన్ కార్మికుల యూనియన్. అమెరికా కార్మికుడి కోసం మెక్సికో కార్మికుడు అర్జీ పెట్టాడు, చూశావా? నీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబుల్లో దీనికంటే మంచిది లేదు.

1997లో ఇంకొకటి. మెక్సికో సరిహద్దు ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికొచ్చిన ఆడవాళ్లకు గర్భ పరీక్ష చేసి, గర్భిణి అని తేలితే వెనక్కి పంపేవారు. ఉద్యోగంలో చేరాక గర్భం వస్తే బరువు పనులు వేసి, వాళ్లంతట వాళ్లే మానేసేలా చేసేవారు. రెండు అమెరికా సంస్థలు, మెక్సికో ప్రజాస్వామిక న్యాయవాదుల సంఘం కలిసి దాన్ని ముందుకు తెచ్చాయి. టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో బహిరంగ విచారణ జరిగింది. ఈ పరీక్షలు జరుగుతున్న మాట నిజమేనని 1998 జనవరిలో అమెరికా ఆఫీసు నివేదిక ఇచ్చింది.

అయితే ఆ ఒప్పందానికి పళ్లు లేవు. బాల కార్మికులు, కనీస వేతనం, పనిచోట భద్రత, ఈ మూడింటికే జరిమానా దాకా వెళ్లే దారి పెట్టారు. సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె హక్కు కాలరాస్తే మంత్రులు మాట్లాడుకోవడంతో సరి. ఏ ఫిర్యాదూ మంత్రుల సంప్రదింపులు దాటి ముందుకు పోలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కంపెనీ పెట్టుబడికి ట్రైబ్యునల్, కార్మికుడి సంఘానికి సంప్రదింపులు!

ఇప్పుడు సిలావో కథ. మెక్సికోలోని గ్వానహువాతో రాష్ట్రంలో, సిలావో అనే ఊళ్లో జనరల్ మోటార్స్ (జీఎమ్) వాహనాల ప్లాంట్ ఉంది. 2019లో అమెరికాలో జీఎమ్ కార్మికులు 40 రోజులు సమ్మె చేశారు. ఆ లోటు పూడ్చడానికి సిలావోలో ఉత్పత్తి పెంచబోతే, అక్కడ కొంతమంది కార్మికులు ఓవర్‌టైమ్ చేయబోమన్నారు. ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. తమ జీతం అమెరికా కార్మికుడి జీతంలో చిన్న ముక్క మాత్రమే అయినా ఆ మాట అన్నారు. నీ పొట్ట కొట్టేవాళ్లు అంటున్నావే, వాళ్లు వీళ్లే.

2020 జులై 1న నాఫ్టా స్థానంలో కొత్త ఒప్పందం వచ్చింది. ఏళ్ల తరబడి మూడు దేశాల సంఘాలు కొట్లాడినదాంట్లో కొంత అందులోకెక్కింది. ఫలానా ఫ్యాక్టరీలో సంఘం హక్కు దెబ్బతిందని ఫిర్యాదొస్తే, ఆ ఫ్యాక్టరీ సరుకు మీదే చర్య తీసుకునే వేగవంతమైన పద్ధతి పెట్టారు. పాత వేతన ఒప్పందాలన్నీ కార్మికుల ఓటుకు పెట్టాలని మెక్సికో 2019లో చట్టం మార్చింది. 2021 ఏప్రిల్‌లో సిలావోలో ఓటింగ్ జరుగుతుండగా బ్యాలెట్లు నాశనం చేసినట్టు బయటపడింది. కొత్త పద్ధతి కింద మొదటి కేసు అదే అయింది. ఆగస్టులో మళ్లీ ఓటు పెడితే కార్మికులు పాత ఒప్పందాన్ని తిరస్కరించారు. 2022 ఫిబ్రవరిలో సిన్‌టియా అనే స్వతంత్ర సంఘం నాలుగు వేలకు పైగా ఓట్లతో గెలిచింది.

ఓటేసింది సిలావో వాళ్లు. వాషింగ్టన్‌లో ఒత్తిడి పెట్టింది అక్కడి యూనియన్లు. ఒకరి పని ఇంకొకరు చేయలేరు. నీ మేనేజ్‌మెంట్ ఈసారి ఏ దేశం పేరు చెప్పి బెదిరిస్తే, ముందు ఆ దేశంలో అదే కంపెనీలో ఎవరు సంఘం పెట్టడానికి ప్రయత్నిస్తున్నారో కనుక్కో. వాళ్ల జీతం పెరిగిన రోజు నీ మీద బెదిరింపు పనిచేయదు.

ఈ కొత్త పద్ధతిలోనూ వంకర ఉంది. మెక్సికో ఫ్యాక్టరీల మీద సులువుగా వాడొచ్చు. అమెరికా ఫ్యాక్టరీ మీద వాడాలంటే షరతులు చాలా బిగువు. అమెరికా, కెనడాల మధ్యనైతే అసలు లేదు. మెక్సికో వాళ్లు దీన్ని అవమానంగా భావిస్తే తప్పు పట్టలేం.

"ఎకనామిక్స్ చదువుతున్నాను మేడమ్. శిఖరాగ్ర సభ జరిగిన ప్రతిచోటా ఊరేగింపు, బాష్పవాయువు, వార్తల్లో రెండు రోజులు ఫొటోలు. దీనివల్ల ఒక్క ఒప్పందమైనా ఆగిందా?" – ఒక డిగ్రీ విద్యార్థిని

ఆగింది, అమ్మా. ఒకటి కాదు, రెండు చెబుతాను.

1995 నుంచి పారిస్‌లో 29 సంపన్న దేశాల ఓఈసీడీ సంస్థ, బహుళపక్ష పెట్టుబడి ఒప్పందం పేరుతో ఒకదాన్ని తయారుచేసింది. బయట పెద్దగా ఎవరికీ తెలియదు. 1997లో ముసాయిదా బయటికి పొక్కింది. ఉత్తర అమెరికా సంఘాలు దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశాయి. ఒక్కో దేశంలో చదివినవాళ్లు తమ దేశంలో ఏ చట్టం దెబ్బతింటుందో లెక్క తీసి తమ ఎంపీల ముందు పెట్టారు. 1998 అక్టోబర్‌లో ఫ్రాన్స్ తప్పుకుంది, ఆ ఏడాది చివరికి చర్చలు ముగిసిపోయాయి.

రెండోది ఎఫ్‌టీఏఏ. క్యూబా తప్ప అమెరికా ఖండాల 34 దేశాలను ఒకే వాణిజ్య ప్రాంతం చేయాలని 1994లో మయామీలో మొదలుపెట్టారు. నువ్వు చెప్పే బాష్పవాయువు 2001 ఏప్రిల్‌లో క్యూబెక్ నగరంలోది అయ్యుంటుంది. కంచె కట్టి లోపల ప్రభుత్వాధినేతలు కూర్చున్నారు. ఫొటోల్లో కంచె పడింది. దానికి ముందు అదే ఊళ్లో జరిగిన ప్రజల శిఖరాగ్ర సభ పెద్దగా పడలేదు. ఖండమంతటి నుంచి వచ్చిన యూనియన్లు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు అక్కడ తమ ప్రత్యామ్నాయ ఒప్పందం మీద అధ్యాయం అధ్యాయంగా చర్చించాయి. ముసాయిదా బయటపెట్టండన్న ఒత్తిడికి తలొగ్గి, ఆ ఏడాది జులైలో ప్రభుత్వాలు దాన్ని ప్రచురించాయి.

నన్ను అడిగితే, క్యూబెక్ కంటే బ్రెజిల్ చేసింది గొప్ప. 2002 సెప్టెంబర్‌లో అక్కడి చర్చి బృందాలు, భూమిలేని కూలీల ఉద్యమం, యూనియన్లు కలిసి సొంతంగా ఒక ప్రజా ఓటింగ్ పెట్టాయి. ప్రభుత్వ గుర్తింపు లేదు, ఓటేయాలన్న నిర్బంధం లేదు. అయినా కోటి మందికి పైగా వచ్చి ఓటేశారు, దాదాపు అందరూ వద్దన్నారు. ఒప్పందంలో ఏముందో తెలియని మనిషికి ముందు అది చెప్పాలి, తర్వాత బ్యాలెట్ ఇవ్వాలి. అంతమందికి అలా చెప్పారంటే వెనక ఎంత పనుంటుందో ఊహించు. 2005 నవంబర్‌లో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతాలో బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, వెనెజువెలా ముందుకు వెళ్లేది లేదన్నాయి. ఎఫ్‌టీఏఏ అక్కడితో సరి. ప్రభుత్వాలు మారడం కూడా కారణమే, ఆ మాట దాచను. కానీ కోటి ఓట్లు చూసిన ప్రభుత్వం చర్చల్లో కూర్చునే తీరు వేరుగా ఉంటుంది.

"ఈ ఒప్పందాలకూ మందుల ధరకూ సంబంధం ఏమిటి?" – ఒక నర్సు

పేటెంట్ ఒక్కటే అడ్డు అనుకుంటాం. ఇంకోటి ఉంది, దాని పేరు డేటా ఎక్స్‌క్లూజివిటీ. మొదటి కంపెనీ రోగుల మీద చేసిన పరీక్షల వివరాలను ఆధారం చేసుకుని, అదే మందు తయారుచేసే జెనరిక్ కంపెనీకి ప్రభుత్వం అనుమతివ్వకూడదు, కొన్నేళ్లపాటు. పేటెంట్ లేని మందుకు కూడా ఇది అడ్డుపడుతుంది. 2006 జనవరిలో చియాంగ్ మయిలో అమెరికా–థాయిలాండ్ చర్చలు జరుగుతుంటే వేలమంది బయట నిలబడ్డారు. ముందు వరసలో హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్లు ఉన్నారు. యూరోపియన్ యూనియన్ 2007 నుంచి భారత్‌తో జరిపిన చర్చల్లోనూ ఇదే నిబంధన అడిగింది. 2011 మార్చిలో ఢిల్లీ వీధుల్లోకి వచ్చినవాళ్లు కూడా హెచ్ఐవీ బాధితులే. యూరప్‌లో పుట్టిన ఎంఎస్ఎఫ్ అనే వైద్య సంస్థ, తాము వాడే హెచ్ఐవీ మందుల్లో 80 శాతానికి పైగా భారత్ నుంచే వస్తాయని యూరప్‌లోనే గట్టిగా చెప్పింది. ఆ విడత చర్చలు 2013లో నిలిచిపోయాయి.

"విదేశీ డబ్బుతో నడిచే సంఘాలు పేద దేశాల్లో అభివృద్ధిని అడ్డుకుంటున్నాయి. స్థానికులను ముందు పెట్టి వెనక నుంచి ఆడించేది బయటివాళ్లే. కాదంటారా?" – ఒక వ్యాపారి

అలాంటివి ఎక్కడా లేవని నేననను. బయటివాళ్ల డబ్బు ఎక్కువై స్థానికుల నోరు చిన్నదైన చోట్లు ఉన్నాయి. అందుకే ఎల్ సాల్వడార్ సంగతి చెబుతాను, మీరే తూకం వేసుకోండి.

ఆ చిన్న దేశంలో సగం మందికి పైగా నీళ్లిచ్చేది లెంపా నది. ఆ నది పరీవాహకంలో, కబానియాస్ ప్రాంతంలో, పసిఫిక్ రిమ్ అనే కెనడా కంపెనీ బంగారం తవ్వుతానంది. ఊళ్లవాళ్లు నీళ్లు పాడవుతాయని లేచారు. ప్రభుత్వం పర్మిట్ ఇవ్వలేదు. 2009లో కంపెనీ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. అమెరికాతో ఉన్న మధ్య అమెరికా వాణిజ్య ఒప్పందం కెనడా కంపెనీకి వర్తించదు కాబట్టి, కేమన్ దీవుల్లోని తన అనుబంధ సంస్థను ముందే అమెరికాలోని నెవాడాకు మార్చుకుంది. ఆ ఎత్తు పారలేదు, 2012లో ట్రైబ్యునల్ ఆ దారి మూసేసింది. కానీ ఎల్ సాల్వడార్ సొంత పెట్టుబడుల చట్టం కింద కేసు సాగింది. ఒక దశలో 30 కోట్ల డాలర్లకు పైగా అడిగారు. అదే 2009లో కబానియాస్‌లో గనిని వ్యతిరేకించిన మార్సెలో రివెరాను చంపి బావిలో పడేశారు. ఆయన బయటి నుంచి వచ్చిన మనిషి కాదు, ఆ ఊరి మాస్టారు.

బయటివాళ్ల పాత్ర ఏమిటంటారా? అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా సంఘాలు తమ తమ దేశాల్లో కంపెనీ మీద, ట్రైబ్యునల్ ఉన్న ప్రపంచ బ్యాంకు మీద ఒత్తిడి పెట్టాయి. 2013లో ఆ కంపెనీని ఓషియానాగోల్డ్ కొనుక్కుంది. అది అప్పటికే ఫిలిప్పీన్స్‌లోని నువేవా విజ్‌కాయాలో గని నడుపుతోంది. ఆ రాష్ట్ర గవర్నర్ కార్లోస్ పడిలా 2017 మార్చిలో ఎల్ సాల్వడార్ వచ్చి, తమ దగ్గర గని వల్ల ఏమయిందో అక్కడి శాసనసభ్యులకు చూపించాడు. కంపెనీ ఆ గనినే బాధ్యతాయుతమైన తవ్వకానికి నమూనాగా చూపుకుంటోంది. దాన్ని కాదని చెప్పగలిగింది ఆ ఊరి నుంచి వచ్చిన మనిషే, వేరే ఎవరూ చెప్పలేరు.

2016 అక్టోబర్‌లో కంపెనీ కేసు ఓడింది. ఎల్ సాల్వడార్‌కు 80 లక్షల డాలర్ల ఖర్చులు కట్టమని తీర్పు. 2017 మార్చి 29న లోహ గనులను దేశమంతటా నిషేధించిన మొదటి దేశమైంది. ఓట్లేసింది వాళ్ల శాసనసభే, ఫిలిప్పీన్స్ కాదు, వాషింగ్టన్ కాదు. 2024 డిసెంబర్‌లో కొత్త శాసనసభ ఆ నిషేధం ఎత్తేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు పని చేయబుద్ధి కాలేదు. బయటివాళ్లే ఆడించగలిగి ఉంటే ఆ నిషేధం ఈ రోజుకీ ఉండేది, సార్.

"మా సంఘంలో కొంతమందిమి ఒక ఒప్పందం పాఠం చదవాలనుకుంటున్నాం. వందల పేజీలు. ఎక్కడ మొదలుపెట్టాలి?" – కొందరు పాఠకులు

కార్మిక కేసులు చూసే లాయర్‌గా నాకు అలవాటైన పద్ధతి చెబుతాను. మొదటి పేజీ ఉపోద్ఘాతం వదిలేయండి. అందులో అన్నీ మంచి మాటలే ఉంటాయి. వివాదాల పరిష్కారం అధ్యాయం ముందు తెరవండి. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేయొచ్చు, ఎక్కడ చేయొచ్చు, ఓడినవాళ్లకు ఏమవుతుంది, ఈ మూడు రాసుకోండి. తర్వాత కార్మిక, పర్యావరణ అధ్యాయాలకు వెళ్లి, ఆ వివాదాల పద్ధతి వాటికి వర్తిస్తుందా లేదా చూడండి. వర్తించదని ఒక్క వాక్యం ఎక్కడో ఉంటుంది, దాన్ని వెతకండి. అనుబంధాలను, పక్క లేఖలను వదలకండి. ఏ రంగాలకు మినహాయింపు ఉందో అక్కడే ఉంటుంది.

చదివేటప్పుడే అవతలి దేశంలో ఒక సంఘాన్ని పట్టుకుని వాళ్లనూ అదే అధ్యాయం చదవమనండి. మీ ప్రభుత్వం మీకు చెప్పినదీ, వాళ్ల ప్రభుత్వం వాళ్లకు చెప్పినదీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కడ కనిపిస్తే మొదటి ఉత్తరం దాని మీద రాయండి. ఇద్దరూ ఒకే రోజు, ఎవరి ఎంపీకి వాళ్లు.